విల్సన్, నైట్‌హాక్, లెస్ బేర్: కస్టమ్ 1911 పిస్టల్‌కి అంత డబ్బు పెట్టడం దండగేనా?

విల్సన్, నైట్‌హాక్, లెస్ బేర్ మూడూ కస్టమ్ 1911 పిస్టళ్లు తయారుచేసే అమెరికన్ కంపెనీలు. కేవలం గురి కోసమైతే లెస్ బేర్ చాలు. ఆ పైన పెట్టే వెయ్యి, పదిహేను వందల డాలర్లు చాలావరకు చేతిపనికీ, కంటికింపుకీ పోతాయి. నేను హ్యూస్టన్‌లో ఉంటాను. నా దగ్గర లెస్ బేర్, నైట్‌హాక్ ఉన్నాయి. విల్సన్ మా ఫ్రెండ్‌ది, రేంజ్‌లో చాలాసార్లు కాల్చాను.

మూడింటికీ మూలం జాన్ బ్రౌనింగ్ డిజైన్ చేసిన పిస్టలే, 1911లో అమెరికా సైన్యం తీసుకున్నది. అందుకే ఫొటోల్లో అన్నీ ఒకేలా కనిపిస్తాయి. చేతిలోకి తీసుకుని అంచులు తడిమి చూడండి, తేడా అక్కడే తెలుస్తుంది. నైట్‌హాక్‌లో స్లైడ్ (పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) వెనక వైపు, ఫ్రేమ్ (పట్టు ఉండే కింది భాగం) ఒకే లోహపు ముక్కలా కలిసిపోయి ఉంటాయి, గోరు ఎక్కడా తగలదు. అక్కడ ఒక పిస్టల్‌ని మొదటి నుంచి చివరి దాకా ఒకే పనివాడు బిగిస్తాడు, గ్రిప్ (పట్టు మీది పలక) విప్పితే లోపల అతని ఇనీషియల్స్ ఉంటాయి. నాకైతే ఆ ఇనీషియల్స్‌కే సగం డబ్బు ఇచ్చాననిపిస్తుంది! నైట్‌హాక్, విల్సన్ రెండిటిదీ ఒకే ఊరు, అర్కాన్సాలోని బెరీవిల్. నైట్‌హాక్ పెట్టినవాళ్లు ఒకప్పుడు విల్సన్‌లో పనిచేసినవాళ్లే. లెస్ బేర్ చూడ్డానికి సాదాగా ఉంటుంది కానీ బిగింపు గట్టిది. కొత్తలో స్లైడ్ లాగడానికి బలం కావాలి, కొన్ని వందల రౌండ్లు కాల్చాక దారికొస్తుంది. అదనంగా డబ్బు కడితే 50 గజాల దూరంలో గుళ్లన్నీ అంగుళంన్నర వెడల్పు లోపలే పడతాయని గ్యారంటీ కూడా ఇస్తారు.

ఫినిష్ దగ్గర మాత్రం తొందరపడకండి. అందంలో బ్లూయింగ్‌ని (ఉక్కుకి రసాయనాలతో తెచ్చే నీలి నలుపు రంగు) మించింది లేదు, కానీ అది పట్టుచీర లాంటిది, రోజువారీకి పనికిరాదు. హ్యూస్టన్ ఉక్కపోతలో చెమట చేత్తో ముట్టుకుని నూనెగుడ్డతో తుడవకుండా పెట్టేస్తే తుప్పు మచ్చలు పడతాయి. విల్సన్ వాళ్ల ఆర్మర్ టఫ్ లాంటి పూతలకు ఆ టెన్షన్ తక్కువ, అయితే హోల్‌స్టర్‌లో (తుపాకీ ఒరలో) పెట్టి తీస్తుంటే అంచుల దగ్గర అరుగుతాయి. ఎక్కువగా కాల్చేవాళ్లకి హార్డ్ క్రోమ్ (గట్టి క్రోమియం పూత) మేలు.

ఖర్చు విషయానికొస్తే, లెస్ బేర్ మామూలు మోడళ్లు రెండున్నర, మూడు వేల డాలర్ల దగ్గర మొదలవుతాయి. మిగతా రెండూ మూడు వేలు దాటి, ఆప్షన్లు కలిపేకొద్దీ ఐదు వేల దాకా సులువుగా వెళ్తాయి. మొదట పట్టు మీద చెకరింగ్‌కి (లోహంలో చెక్కే సన్నని గళ్ల గీతలకి) డబ్బు పెట్టండి, చెయ్యి జారదు. స్లైడ్ పైన అలంకారపు గీతలు మీ సరదా. తర్వాత అమ్మేటప్పుడు వాటికి పెట్టింది రాదు.

హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకి ఒక మాట: ఆ వీసా మీద తుపాకీ కొనడం, దగ్గర ఉంచుకోవడం మామూలుగా నేరం. హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపులు ఉన్నాయి కానీ లాయర్‌ని అడగకుండా దిగకండి. గ్రీన్ కార్డు ఉంటే ఆ అడ్డంకి లేదు.

కొనడం ఖాయమైతే, ఆర్డర్ ఇచ్చి నెలల తరబడి ఎదురుచూసే బదులు డీలర్ దగ్గర తయారుగా ఉన్నవి ముందు చూడండి.