రెండు పుస్తకాలూ నిజమే చెబుతున్నాయండీ

దక్షిణాఫ్రికా వర్ణవివక్షను అమెరికా వెనకేసుకొచ్చిందని ఒక పుస్తకం, ఆంక్షలు పెట్టిందని ఇంకో పుస్తకం అంటున్నాయి, అమ్మాయి వ్యాసంలో ఏది రాయాలి అని అడిగారు. రెండూ రాయమనండి. చిక్కంతా ‘అమెరికా’ అన్న ఒక్క మాటలో ఉంది. ఆ మాట బదులు ఎవరు, ఏ ఏడాది అని రాస్తే ముడి విడిపోతుంది.

1980ల్లో అమెరికా అధ్యక్షుడు రీగన్ ప్రభుత్వం ప్రిటోరియాను, అంటే దక్షిణాఫ్రికా ప్రభుత్వాన్ని, నొప్పించకుండా నచ్చజెప్పాలంది. కమ్యూనిస్టుల భయం అందుకు పెద్ద కారణం. జనం ఊరుకోలేదు. 1984 నవంబరులో పౌరహక్కుల నాయకులు రాండల్ రాబిన్సన్, మేరీ ఫ్రాన్సిస్ బెర్రీ, వాల్టర్ ఫాంట్రాయ్ రాయబారితో మాట్లాడడానికి వాషింగ్టన్‌లోని దక్షిణాఫ్రికా రాయబార కార్యాలయం లోపలికెళ్లి, ఇక కదలమని కూర్చున్నారు. సంకెళ్లు వేసి తీసుకెళ్లారు. ఆ తర్వాత నెలల తరబడి ఆ గుమ్మం ముందు నిరసనలు, అరెస్టులు. ఈ ఘట్టాన్ని వ్యాసంలో తప్పక పెట్టించండి, అమెరికా పార్లమెంటును, అంటే అక్కడి ‘కాంగ్రెస్’ను, కదిలించింది ఇలాంటివే.

1986లో కాంగ్రెస్ ఆంక్షల బిల్లు పాస్ చేస్తే రీగన్ వీటో చేశాడు. దిగువసభ 313–83తో, సెనేట్ 78–21తో ఆ వీటోను కొట్టేశాయి. సెనేట్‌లో ముందుండి నడిపింది రీగన్ పార్టీ (రిపబ్లికన్) మనిషే, రిచర్డ్ లూగర్. కాబట్టి ‘రిపబ్లికన్లు వ్యతిరేకం, డెమొక్రాట్లు అనుకూలం’ అని గీత గీయొద్దని చెప్పండి. కొత్త పెట్టుబడులు, బొగ్గు, ఉక్కు దిగుమతులు, నేరు విమానాలు ఆగిపోయాయి.

మన దేశం దక్షిణాఫ్రికాతో వ్యాపారం 1946లోనే తెంచుకుంది. ఆ నలభై ఏళ్ల తేడా కూడా ఒక వాక్యంలో రాయమనండి. మండేలా పేరు అమెరికా ఉగ్రవాద నిఘా జాబితాలోంచి పోయింది 2008లో!