డెక్కకు లాడం ఉండాలా, వద్దా? బండి గుర్రాలవారి ప్రశ్నలకు జవాబులు

విశాఖలో గుర్రబ్బండి ఇప్పుడు బీచ్ రోడ్డు షికారుకో, పెళ్లి ఊరేగింపుకో తప్ప పెద్దగా కనిపించదు. ఉన్న కొద్ది గుర్రాలు మాత్రం రోజూ తారు మీదా సిమెంటు మీదా నడవాల్సిందే. అందుకే ఈ నెల ఉత్తరాల్లో డెక్కల గురించే ఎక్కువ అడిగారు.

ప్రశ్న: మా గుర్రానికి తొమ్మిదేళ్లు, ఎత్తు నాలుగడుగుల నాలుగంగుళాలు. తేలికపాటి రెండు చక్రాల బండి లాగుతుంది. రోజుకు పది కిలోమీటర్ల దాకా నడక, అందులో సగం బీచ్ రోడ్డు తారు, సగం ఊళ్లో మట్టి దారి. చాలా ఏళ్లుగా నాలుగు కాళ్లకూ ఇనుప లాడాలే. లాడాలు పీకేస్తే డెక్క దానంతటదే గట్టిపడుతుందని ఒకరు, నెల తిరక్కుండా అరిగి కుంటుతుందని ఇంకొకరు చెబుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, భీమిలి

జవాబు: ఇద్దరి మాటా పక్కన పెట్టి మీ గుర్రం డెక్కను కొలవండి. లాడం కావాలా వద్దా అన్నది డెక్క పెరిగే వేగం, రోడ్డు దాన్ని అరగదీసే వేగం, ఈ రెండింటి లెక్క. డెక్క గోడ, అంటే బయటికి కనిపించే గట్టి పొర, సాధారణంగా నెలకు 6 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మీ దారిలో అరుగుదల అంతకంటే తక్కువైతే లాడం లేకుండా నడిపించవచ్చు. ఎక్కువైతే ఎంత మంచి డెక్కైనా నిలవదు.

కొలిచే పద్ధతి ఇది. కాలి వెంట్రుకలు ఆగి డెక్క మొదలయ్యే అంచుకు సరిగ్గా 2 సెంటీమీటర్ల కింద, డెక్క ముందు భాగాన, ఆకురాయి అంచుతో అడ్డంగా సన్నని గీత పెట్టండి. పైపైన గోకితే చాలు, లోతు వద్దు. గీత నుంచి నేలను తాకే అంచు వరకు ఎంత ఉందో రాసుకోండి. 30 రోజుల తర్వాత మళ్లీ కొలవండి. వెంట్రుకల అంచు నుంచి గీత ఎంత దిగిందో అది పెరుగుదల. గీత కింది భాగం ఎంత తగ్గిందో అది అరుగుదల. గీత 8 మిల్లీమీటర్లు దిగి, కింది భాగం 60 నుంచి 49కి తగ్గిందనుకోండి. పెరిగింది 8, అరిగింది 11. నెలకు 3 మిల్లీమీటర్ల నష్టంతో ఆ గుర్రాన్ని ఆ దారిలో ఉత్త కాళ్లతో తిప్పకూడదు. అన్నట్టు, లాడం తీసిన మొదటి నెల లెక్క నమ్మకండి. పాత మేకుల చిల్లులున్న భాగం పెళుసుగా ఊడిపోతుంది కాబట్టి అరుగుదల ఎక్కువగా కనిపిస్తుంది. రెండో నెల నుంచి లెక్క పెట్టండి. నాలుగు కాళ్లూ విడివిడిగా కొలవాలి. బండి గుర్రం వెనక కాళ్లతో తోస్తుంది కాబట్టి వెనక డెక్కల ముందు కొసలు త్వరగా అరుగుతాయి.

లాడం తీసే ముందు అరికాలిని బొటనవేళ్లతో గట్టిగా నొక్కి చూడండి. రాయిలా ఉంటే సరే. కొంచెమైనా లోపలికి వంగితే అరికాలు పల్చబడిందని అర్థం, తీయకండి. లోపలి ఎముక కొసకీ నేలకీ మధ్య సుమారు 15 మిల్లీమీటర్ల మందం ఉంటేనే గులకరాయి మీద కాలు పడినా కమలకుండా ఉంటుంది. గతంలో డెక్కవాపు, అంటే లామినైటిస్, వచ్చిన గుర్రానికి పశువైద్యుడు ఎక్స్‌రే చూడకుండా లాడం తీయించడం చాలా ప్రమాదం.

తీయాలని నిర్ణయిస్తే మన దగ్గర డిసెంబరు, జనవరి మంచి కాలం. జూన్ నుంచి నవంబరు దాకా వానలకూ ఉప్పుగాలి చెమ్మకూ డెక్క నాని మెత్తబడుతుంది. మెత్తటి డెక్క తారు మీద సబ్బులా అరుగుతుంది.

తీసేటప్పుడు ముందు మేకుల మడత కొసలన్నీ, అంటే గోడ బయటికొచ్చాక మడిచిన కొసలు, నిటారు చేసి, ఒక్కో మేకునూ విడిగా లాగితే గోడ చిట్లదు. పట్కారుతో లాడాన్ని ఒక్కసారిగా మెలిపెట్టి పీకితే మేకులతోపాటు గోడ పెళ్లలు కూడా ఊడొస్తాయి. ఆ రోజు అరికాలినీ, మధ్యలో ఉండే త్రికోణపు మెత్తటి భాగం ఫ్రాగ్‌నూ కత్తితో ముట్టుకోవద్దు. వేలాడే చీలికలుంటే అవి మాత్రం కోయండి. గోడ బయటి అంచును ఆకురాయితో గుండ్రంగా చేయాలి, అదీ గోడ మందంలో బయటి సగం వరకే. అంచు పదునుగా వదిలేస్తే రెండో రోజుకే ముక్కలు లేస్తాయి.

ఆ తర్వాత ఓపిక పట్టాలి. మొదటి వారం బండి కట్టొద్దు. కట్టేసే చోట నాలుగంగుళాల మందాన పొడి ఇసుక పరవండి. అలలు తడిపి గట్టిపడిన ఇసుక మీద పూటకు పావుగంట చేత్తో పట్టుకుని నడిపించండి. రెండో వారం నుంచి మట్టి దారి, మూడో వారం నుంచి కొద్దికొద్దిగా తారు. తారు మీద నడిచేటప్పుడు పక్కనుంచి చూడండి. మడమ ముందు ఆనాలి, లేదా డెక్క సమంగా ఆనాలి. ముందు కొస ఆనుతున్నా, అడుగు చిన్నదైనా ఇంకా సిద్ధం కాలేదు. ఖాళీ బండి కట్టడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మేకు చిల్లుల్లేని కొత్త గోడ ముందు కొస దాకా దిగడానికి 9 నుంచి 12 నెలలు కావాలి. రోజు గడవడానికి ఈ గుర్రమే ఆధారమై, ఆరు వారాలు ఆపే వీలు లేకపోతే, మా సలహా సూటిగా: లాడం తీయకండి. నొప్పితో బండి లాగించడం కంటే మంచి లాడం వెయ్యి రెట్లు నయం.

మీరు రాసిన దారిని బట్టి మాకు తోచింది మధ్యేమార్గం. బరువులో ఎక్కువ భాగం, సుమారు 60 శాతం, ముందు కాళ్లే మోస్తాయి. అయినా మీ బండి విషయంలో అరుగుదల వెనక ఎక్కువా, ముందు ఎక్కువా అన్నది కొలతే చెప్పాలి. ఏ జత నిలుస్తుందో దాన్ని ఉత్తగా ఉంచి, నిలవని జతకే లాడం కొట్టించండి. తారు ఎక్కినప్పుడు మాత్రం తొడిగే రబ్బరు డెక్క బూట్లు కూడా ఉన్నాయి. డెక్క కత్తిరించిన రోజే పొడవు, వెడల్పు కొలిచి తెప్పించుకోవాలి. మన ఇసుక వాటిలోకి దూరి మడమల వెనక చర్మాన్ని ఒరుస్తుంది, కాబట్టి పని అయిన వెంటనే విప్పి కడగండి.

ఇసుక నడకకని ఎర్రమట్టి దిబ్బల వైపు తోలుకెళ్లకండి. అది కాపాడుకోవాల్సిన భూవారసత్వ స్థలం. బీచ్ ఇసుక చాలు.

ప్రశ్న: లాడాలు రెండున్నర, మూడు నెలలు ఆగుతున్నాయి. ఇనుము ఇంకా అరగలేదు కదా అని మార్చడం లేదు. తప్పా?
– ఒక పాఠకుడు, పెందుర్తి

జవాబు: తప్పే. ఇనుము ఎంత మిగిలిందన్నది లెక్క కాదు. లాడం కింద డెక్క అరగదు, పెరుగుతూనే ఉంటుంది. మూడు నెలల్లో ముందు కొస రెండు సెంటీమీటర్లకు పైగా సాగవచ్చు. కొస సాగితే కాలు లేపే ప్రతిసారీ కాలి వెనక స్నాయువుల మీద, అంటే కండను ఎముకకు కట్టే తాళ్లలాంటి వాటి మీద, అదనపు లాగుడు పడుతుంది. ఆలోగా లాడం మడమల దగ్గర లోపలికి జరిగి, గోడ మీద ఆనాల్సింది అరికాలిని నొక్కుతుంది. అక్కడ రక్తం చిక్కి ఎర్రటి కమిలిన మచ్చలు వస్తాయి. ఐదారు వారాలకోసారి లాడం విప్పించి, డెక్క కత్తిరించి, అరగకపోతే అదే లాడాన్ని తిరిగి కొట్టించండి. లాడం లేని గుర్రానికైనా నాలుగైదు వారాలకోసారి ఆకురాయి తగలాల్సిందే.

ఇంకొకటి, ఇది మాకు బాగా బాధ కలిగించే విషయం. బజారులో దొరికిన చిన్న లాడం కొట్టి, దానికి సరిపడేలా డెక్క ముందు గోడను ఆకురాయితో అరగదీయడం చాలాచోట్ల చూస్తాం. గోడ పల్చబడితే మేకుకు పట్టు ఉండదు, డెక్కకు బలమూ ఉండదు. డెక్కకు తగ్గట్టు లాడాన్ని వంచాలి గాని లాడం కోసం డెక్కను కోయకూడదు. మడమల దగ్గర లాడం కొసలు గోడ కంటే కొద్దిగా బయటికే ఉండాలి. డెక్క అత్యంత వెడల్పుగా ఉండే చోటు దాటి వెనక్కి ఒక్క మేకూ పడకూడదు. బరువు పడిన ప్రతిసారీ మడమలు కాస్త విచ్చుకుంటాయి. అక్కడ మేకు కొడితే ఆ కదలిక ఆగిపోతుంది. తేలిక గుర్రానికి పక్కకు మూడు చొప్పున ఆరు మేకులు సాధారణంగా చాలు.

ప్రశ్న: పెళ్లి బగ్గీకి కట్టే గుర్రం. సిమెంటు రోడ్ల మీద, పాండురంగపురం దిగుడులో వాన పడితే జారుతోంది. లాడం తీసేస్తే జారదా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: నున్నగా అరిగిన ఇనుము కంటే ఉత్త డెక్క తారునీ సిమెంటునీ బాగా పట్టుకుంటుంది, ఇది నిజం. కానీ బరువైన బగ్గీ దిగుడులో తోసుకొస్తుంటే ఏ కాలైనా జారుతుంది. ముందు బండి చూడండి. చక్రాలకు పనిచేసే బ్రేకు ఉందా? గుర్రం తొడల వెనక పట్టీ ఉందా, బండి ముందుకు తోసినప్పుడు ఆ పట్టీ బిగుస్తోందా? ఈ రెండూ లేని బగ్గీని ఏటవాలు మీదికి తేవద్దు. లాడం మార్చినా ఫలితం ఉండదు.

అవి సరిగా ఉంటే, టంగ్‌స్టన్ కార్బైడ్ కొస ఉన్న రోడ్డు మేకులు వాడవచ్చు. ఒక్కో లాడానికి రెండు చాలు, మడమ వైపు చివరి మేకు స్థానంలో చెరో పక్క ఒకటి. రెండు పక్కలా ఒకే ఎత్తు ఉండాలి. ఎక్కువ కొట్టిస్తే డెక్క నేలకు అతుక్కుపోయినట్టై, మలుపులో ఆ మెలిక అంతా కీళ్ల మీద పడుతుంది. తెల్ల రంగు వేసిన గీతలు, మ్యాన్‌హోల్ మూతలు, నూనె కారిన చోట్లు తడిస్తే ఏ మేకూ ఆదుకోదు. అక్కడ నడకే, పరుగు వద్దు.

ప్రశ్న: లాడం కొట్టించిన మర్నాటి నుంచి కుంటుతోంది. డెక్క వేడిగా ఉంది. రెండ్రోజుల్లో సర్దుకుంటుందంటున్నారు.
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: ఆగకండి. అరికాలికీ గోడకూ మధ్య కనిపించే తెల్ల గీత లోపలికి మేకు దిగి ఉండొచ్చు, లేదా దానికి మరీ దగ్గరగా వెళ్లి లోపలి కండను నొక్కుతూ ఉండొచ్చు. గిలక, అంటే డెక్కకు పైనున్న కీలు, వెనక రెండు పక్కలా వేళ్లు ఆనించండి. మిగతా కాళ్ల కంటే నాడి బలంగా కొట్టుకుంటుంటే గొడవ డెక్కలోనే ఉంది. మడత కొసల మీద చిన్న సుత్తితో ఒక్కొక్కటిగా తట్టండి. ఎక్కడ కాలు లాక్కుంటే అదే ఆ మేకు. దాన్ని తీయించి చూడండి. పొడిగా వస్తే నొక్కుడు మాత్రమే కావచ్చు. నెత్తురు గాని, నల్లటి కంపు చీము గాని అంటి ఉంటే లాడం మొత్తం విప్పి, ఆ రోజే పశువైద్యుణ్ణి పిలవాలి. ఆయన వచ్చేలోపు నీళ్లు కలిపిన పోవిడోన్ అయొడిన్‌తో చిల్లు కడిగి, శుభ్రమైన గుడ్డ చుట్టి పొడి చోట నిలబెట్టండి. కిరసనాయిలు, కాగిన నూనె పోయకండి, చిల్లు మూయకండి. చీము కిందికి కారే దారి లేకపోతే పైకి పాకి వెంట్రుకల అంచు దగ్గర పగులుతుంది.

ధనుర్వాతం గుర్రాలకు చాలా తేలిగ్గా పట్టుకుంటుంది, పట్టుకుంటే బతకడం కష్టం. టీకా ఎప్పుడు వేయించారో వైద్యుడికి చెప్పండి. ఎప్పుడూ వేయించకపోతే ఇప్పుడు చేయాల్సింది ఆయన చేస్తారు. ఆ తర్వాత నెల తేడాతో రెండు మోతాదులు, ఆపైన ఏడాదికోసారి.

ప్రశ్న: సముద్రపు నీళ్లలో రోజూ డెక్కలు తడిపితే గట్టిపడతాయంటారు. మాకు మాత్రం పగుళ్లు వస్తున్నాయి. నూనె రాయాలా?
– ఒక పాఠకుడు, లాసన్స్ బే

జవాబు: రోజూ నానడం, వెంటనే ఎండకు ఎండడం, పగుళ్లకు ఇదే కారణం. సముద్రంలో దిగితే మంచినీళ్లతో కడిగి తుడవండి. నూనె మందంగా పట్టిస్తే లోపలి తడి బయటికి పోదు, ఫ్రాగ్ పక్క గాళ్లలో కుళ్లు మొదలవుతుంది. కంపు వచ్చి, నల్లటి జిగురు కనిపిస్తే అదే. పుల్లతో శుభ్రం చేసి ఆరబెట్టి, అయొడిన్ అద్దండి. మూత్రంతో తడిసిన పాక నేలను రోజూ మార్చకపోతే ఏ మందూ నిలవదు.

మేత కూడా చూడండి. ఉడికించిన ఉలవలు మంచివే. తౌడు, గోధుమ పొట్టు ఎక్కువైతే భాస్వరం పెరిగి కాల్షియం చాలదు. పాడి పశువులకు వేసే సూపర్ నేపియర్ గడ్డి ఒక్కటే పెడితే అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. గరిక, ఎండుగడ్డి కలిపి పెట్టండి. బెల్లం మానేయండి. రోజుకు 15 నుంచి 20 మిల్లీగ్రాముల బయోటిన్ అనే విటమిన్ ఇస్తే కొత్తగా పెరిగే డెక్క మెరుగ్గా రావచ్చు, ఉన్న పగుళ్లు మాత్రం అతుక్కోవు. ఫలితం తెలియాలంటే ఆరు నుంచి తొమ్మిది నెలలు ఆగకుండా ఇవ్వాలి.

ప్రశ్న: మే నెల తారు వేడికి ఉత్త డెక్క కాలుతుందా?
– అదే పాఠకుడు

జవాబు: నడుస్తున్నంతసేపు గోడకు ఏమీ కాదు, అది వేడిని త్వరగా లోపలికి పంపదు. కాలేది గుర్రాన్ని ఎండలో తారు మీద నిలబెట్టినప్పుడు, ఫ్రాగూ మడమల చర్మమూ. ఇనుప లాడం ఇంకా త్వరగా వేడెక్కుతుంది. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు బండి పశువులతో పని చేయించకూడదని 1965 నాటి కేంద్ర నియమాలే చెబుతున్నాయి. రోజు మొత్తంలో 9 గంటలు, విరామం లేకుండా 5 గంటలు మించకూడదని కూడా అందులో ఉంది. సవారీ కోసం ఎదురుచూసేటప్పుడు చెట్టు నీడన, మట్టి మీద నిలబెట్టండి.