అన్నం చివర వస్తుంది, తొందరపడకు

చిరంజీవి మేనకోడలికి, అత్తయ్య ఆశీస్సులు.

నవంబరులో మీరిద్దరూ జపాన్ వెళ్తున్నారని, మొదటి రాత్రే హకోనేలో ఒక ర్యొకాన్‌లో, అంటే జపాన్ పాతకాలపు పద్ధతిలో నడిచే సత్రంలో, దిగుతున్నారని అన్నయ్య చెప్పాడు. ఎనిమిదేళ్లు ఆ దేశంలో కాపురం చేసినదాన్ని కాబట్టి, ఆ రాత్రి మీకు వడ్డించే కైసెకి, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా వంటకాలు వచ్చే సంప్రదాయ విందు భోజనం గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది.

ముందు ఈ రోజే చేయాల్సిన పని. అల్లుడు గారు శాకాహారి కదా, ర్యొకాన్ వాళ్లకు ఆ సంగతి ఇప్పుడే రాయండి. చేప, మాంసం తినరని చెబితే చాలదు. అక్కడి వంటకు ప్రాణం దషి అనే రసం. కొంబు అనే సముద్రపు నాచుతోపాటు, పొగబెట్టి ఎండబెట్టిన బొనిటో చేపను పల్చటి పొరలుగా తురిమి, నీళ్లలో వేసి తీస్తారు. ముక్క కంటికి కనబడదు, రుచి మాత్రం కూరగాయల గిన్నెలోనూ ఉంటుంది. మా అత్తగారిని తీసుకెళ్లినప్పుడు నేను ఇది ముందుగా చెప్పలేదు. సగం తిన్నాక తెలిసి, ఆవిడ ఆ రాత్రి మంచినీళ్లు తప్ప మరేమీ ముట్టలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు. అందుకే, కొంబుతో మాత్రమే తీసిన దషి కావాలని స్పష్టంగా రాయండి.

సాయంత్రం ఐదులోపు చేరుకోండి. వడ్డన సాధారణంగా ఆరు, ఆరున్నరకే మొదలవుతుంది. ఆలస్యమయ్యేలా ఉంటే ఫోను చేసి చెప్పాలి, వంటవాళ్లు ఆ వేళకే లెక్కపెట్టుకుని వండుతారు. స్నానం చేసి, గదిలో పెట్టిన యుకతా అనే పల్చటి నూలు అంగీ కట్టుకోండి. ఎడమ అంచు పైకి రావాలి. కుడి అంచు పైకి కట్టేది చనిపోయినవాళ్లకే.

ఇక అసలు సంగతి. మనకు విస్తట్లో అన్నం పడితేనే భోజనం మొదలైనట్టు. అక్కడ అన్నం చివర వస్తుంది, మిసో అనే పులియబెట్టిన సోయా ముద్దతో కాచిన చారుతో, ఊరవేసిన కూరగాయ ముక్కలతో. అంతకుముందు వచ్చేవన్నీ చిన్న చిన్న గిన్నెలు, ఒకదాని తర్వాత ఒకటి. ఇవేం సరిపోతాయని కంగారుపడకు, దారిలో చిరుతిళ్లతో కడుపూ నింపుకోకు. ఆ కాలానికి దొరికేవాటినే ఏరి వండుతారు. తిన్నంత శ్రద్ధగా చూడాలి కూడా.

మూత పెట్టిన లక్క గిన్నెలో చారు వస్తుంది. మూత బిగుసుకుపోతే, గిన్నె అంచులను రెండు వైపులా వేళ్లతో కొద్దిగా నొక్కు, వదులవుతుంది. తీయగానే తాగేయకు. యూజు అనే నిమ్మజాతి పండు తొక్క వేసి ఉంటే, నారింజకూ నిమ్మకూ మధ్య వాసన ఒకటి ఆవిరితో పైకి లేస్తుంది, ముందు దాన్ని పీల్చు. తర్వాత గిన్నెను రెండు చేతులా ఎత్తి తాగు. నాకు ఆ భోజనమంతటిలోనూ అదే ఇష్టమైన ఘడియ.

చాప్‌స్టిక్స్ అన్నంలో నిలువుగా గుచ్చకు, అది చనిపోయినవారికి పెట్టే అన్నం తీరు. నీ పుల్లలనుంచి అల్లుడి పుల్లలకు ముక్క అందించకు, అస్థికలు ఏరేటప్పుడే వాళ్లు అలా అందుకుంటారు. వడ్డించినవారికి టిప్పు ఇవ్వనక్కర్లేదు. లేచేముందు ‘గోచిసోసమ దెషిత’ అని, అంటే మంచి భోజనం పెట్టినందుకు కృతజ్ఞతలని, మనసారా అను, ఆ ముఖాలు ఎలా వెలుగుతాయో చూడు.

మీరు వెళ్లేది మాపుల్ ఆకులు ఎర్రబడే కాలం. పళ్లెంలో అలంకారానికి ఒక ఆకు పెట్టవచ్చు. పెడితే దాన్ని పుస్తకంలో దాచి నాకు తెచ్చిపెట్టు.

మీ అత్తయ్య