వెనక వైపర్ ఉండాలా, అక్కర్లేదా?

ప్రశ్న: స్విఫ్ట్ తీసుకోవాలా డిజైర్ తీసుకోవాలా అని ఇంట్లో తెగడం లేదు. స్విఫ్ట్ పై వేరియంట్‌కి వెనకద్దం వైపర్ ఉంది, డిజైర్‌కి మాత్రం ఎంత టాప్ మోడల్‌కి పోయినా లేదు. రెండూ ఒకే కంపెనీవి, దాదాపు ఒకే బండి. డిక్కీ ఉన్న కార్లకి వైపర్ ఎందుకు పెట్టరు? డబ్బులు మిగుల్చుకోవడానికేనా?
– నల్గొండ పాఠకుడు

జవాబు: కంపెనీలు రూపాయి రూపాయి లెక్క చూసుకుంటాయి, కాదనను. కానీ ఇక్కడ అసలు సంగతి బండి వెనక భాగం ఆకారం అండీ.

స్విఫ్ట్, వ్యాగనార్, బ్రెజా, ఇన్నోవా లాంటి వాటికి పైకప్పు అయిపోగానే వెనక భాగం గోడలా కిందికి దిగిపోతుంది. బండి పరిగెడుతుంటే పైనుంచి వచ్చే గాలి ఆ అంచు దగ్గరే అద్దాన్ని వదిలేసి వెనక్కి పోతుంది, దాంతో బండి వెనకాల ఒత్తిడి తగ్గి గాలి సుడి తిరుగుతుంది, టైర్లు ఎగజిమ్మిన బురదనీళ్లనీ దుమ్మునీ ఆ సుడే పైకి లాక్కొచ్చి అద్దానికి పూసేస్తుంది. దీనికి వానే పడక్కర్లేదు. మట్టిరోడ్డు మీద కాస్త దూరం పోయి దిగి చూడండి, బానెట్ ఫర్వాలేదనిపిస్తుంది, వెనకద్దం మీద మాత్రం వేలితో పేరు రాయొచ్చు.

డిజైర్, సిటీ, వెర్నాల్లో అద్దం ఏటవాలుగా ఉంటుంది, దాని తర్వాత డిక్కీ. గాలి చాలావరకు అద్దాన్ని ఆనుకునే జారిపోతుంది కాబట్టి కాస్త స్పీడ్ అందుకున్నాక వాన చుక్కల్ని అదే తోసేస్తుంది. సుడి వీటికీ ఉంటుంది, కాకపోతే అది డిక్కీ వెనకాల, అందుకే బురదంతా నంబర్ ప్లేటు చుట్టూ పడుతుంది. అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు ఈ లెక్క పనిచేయదు, చుక్కలు అద్దం మీదే కూర్చుంటాయి, అప్పుడిక పక్క అద్దాలే దిక్కు.

వెనక భాగం వాలుగా కనిపించినంత మాత్రాన వైపర్ అక్కర్లేదని కూడా కాదు. హ్యుందాయ్ వాళ్లు అయానిక్ 5 కారుని వెనక వైపర్ లేకుండా దించారు. అద్దం బాగానే వాలి ఉంటుంది గానీ వెనకాల పొడుగాటి డిక్కీ లేదు. మురికి పేరుకుంటోందని ఓనర్లు గోల పెట్టారు, అమెరికాలో 2025 మోడల్‌కి వచ్చేసరికి వైపర్ పెట్టక తప్పలేదు.

కాబట్టి డిజైరే తీసుకుంటే వైపర్ గురించి టెన్షన్ వద్దు, ఆ వేరియంట్‌లో డీఫాగర్ ఉందో లేదో అడగండి. అద్దంలో సన్నటి అడ్డగీతలు ఉంటాయి చూశారా, అవి వేడెక్కి ఆవిరిని పోగొడతాయి. వానలో నలుగురు ఎక్కి అద్దాలు బిగించుకుంటే ఆవిరి లోపలి వైపు పడుతుంది, బయట తుడిచే వైపర్ దాన్ని ఏం చేయగలదు? స్విఫ్ట్ అయితే మాత్రం, మీరు విజయవాడ హైవే మీద లారీల మధ్య తిరిగే మనిషైతే, వైపర్ ఉన్న వేరియంటే తీసుకోండి.

ప్రశ్న: మాది బేస్ మోడల్ హ్యాచ్‌బ్యాక్. వెనక వైపర్ బయట వేయించుకోవచ్చా?
– ఖమ్మం పాఠకురాలు

జవాబు: వేయించుకోవచ్చమ్మా, కానీ బ్లేడ్ ఒక్కటి బిగిస్తే అయిపోయే పని కాదు. మోటార్, ఆర్మ్, స్టీరింగ్ పక్కన స్విచ్, వెనక డోర్ దాకా వైరింగ్, నీళ్ల పైపు, ఇవన్నీ కావాలి. ముందు మీ వెనక డోర్‌లో గానీ అద్దంలో గానీ మోటార్‌కి కంపెనీ వదిలిన రంధ్రం ఉందేమో మెకానిక్‌తో చూపించండి. లేకపోతే ఆ ఆలోచన మానేయండి, రేకు కోయించుకుంటే రేపు నీళ్లు కారతాయి, తుప్పు పడుతుంది. వారంటీ ఉన్న బండికి వైర్లు కోసి అతికించనివ్వకండి. అద్దానికి రాసే లిక్విడ్లు ఉంటాయి గానీ అవి వాన చుక్కలు నిలవకుండా చేయడానికే, పట్టిన బురదని తుడిచిపెట్టవు. ఎక్కువగా ఊళ్లోనే తిరిగేట్టయితే డోర్‌లో ఒక తడిగుడ్డ పెట్టుకోండి, చాలు.

ప్రశ్న: వెనక వైపర్ వేస్తే కర్రుమని చప్పుడు, అద్దం మీద గీతలు. పైగా ఒక్కోసారి నేను వేయకుండానే తిరుగుతోంది!
– కాకినాడ పాఠకుడు

జవాబు: వాడకం తక్కువ కాబట్టి ఎండకి రబ్బరు గట్టిపడి ఉంటుంది. సర్వీసింగ్‌లో కూడా ముందువి మార్చి దీన్ని వదిలేస్తారు, అడిగి మార్పించండి. సైజు ముందువాటికంటే బాగా చిన్నది, పాత బ్లేడ్ పట్టుకెళ్తే సరిపోతుంది. ఎండిన దుమ్ము మీద మాత్రం ఎప్పుడూ వేయకండి, ఆ ఇసుకే అద్దాన్ని గీకేది. ముందు నీళ్లు కొట్టండి, నీళ్లు రాకపోతే జెట్‌లో మట్టి ఇరుక్కుందేమో సన్నటి పిన్నుతో కదిపి చూడండి. ఇక దానంతటదే తిరగడం: ముందు వైపర్లు ఆడుతుండగా రివర్స్ గేర్ వేస్తే చాలా కార్లలో వెనకది కూడా ఓసారి ఊగుతుంది. మీకూ అప్పుడే తిరుగుతుంటే అది రిపేరు కాదు, ఫీచరే.