డోపమైన్ సంగతి తర్వాత, ముందు మీ అన్నయ్య సంగతి చూడండి

తెనాలి నుంచి ఒకాయన రాశారు. వయసు 43, ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. రాత్రి పదకొండింటికి ఫోన్ పట్టుకుంటే రెండు దాకా వదల్లేకపోతున్నారట, పొద్దున తల దిమ్ముగా ఉంటోందట, ఆఫీసులో చిన్న లెక్క కూడా రెండుసార్లు చూసుకోవాల్సి వస్తోందట. 'డోపమైన్ డీటాక్స్ ఎన్ని రోజులు చేయాలి, స్మార్ట్‌ఫోన్ తీసేసి కీప్యాడ్ ఫోన్ కొనుక్కోమంటారా' అని ఆయన ప్రశ్న. ఉత్తరం చివర్లో మాత్రం ఓ నాలుగు లైన్లు ఉన్నాయి. అన్నయ్య పై వాటాలో, ఈయన కింది వాటాలో ఉంటారు. నాన్న పోయినప్పటి నుంచి, అంటే మూడేళ్లుగా, మాటల్లేవు. అమ్మ నెల పైన, నెల కింద వంతుల మీద ఉంటుంది. 'అది వేరే విషయం లెండి' అని ముగించారు.

వేరే విషయం ఎలా అవుతుందండీ? నాకు ఉత్తరంలో కనిపించిందల్లా అదే.

మీరడిగిన దానికి ముందు జవాబిచ్చేస్తాను. డోపమైన్ డీటాక్స్ అంటే ఫోన్ లాంటి సరదాలు కొన్నాళ్లు మానేయడం. కానీ డోపమైన్ మెదడులో తయారయ్యే ఒక రసాయనం, ఒంట్లోంచి కడిగేసుకోవాల్సిన విషం కాదు. మెదడులో దాన్ని తయారుచేసే కణాలు చచ్చిపోతేనే పార్కిన్సన్స్ జబ్బు వస్తుంది, చేతులు వణుకుతాయి, అడుగు ముందుకు పడదు. నాలుగు రోజులు ఫోన్ పక్కన పెడితే మంచిదే, పెట్టండి. కీప్యాడ్ ఫోన్ కొనాలనిపిస్తే కొనండి. అది చేతిలో పెట్టుకుని కూడా మీరు రెండు దాకా మేలుకునే ఉంటారు, ఎందుకంటే మీరే రాశారు, 'అన్నయ్య బండి గేట్లోకి వచ్చిన చప్పుడు వినపడ్డాకే ఫోన్ తీస్తాను' అని. ఆ వాక్యం మీరు మళ్లీ చదువుకున్నట్టు లేరు. మూడేళ్లుగా మాట్లాడని మనిషి క్షేమంగా ఇల్లు చేరాడో లేదో చెవి రిక్కించి వింటున్నారు, చేరాడని తెలిశాక ఆ కోపం మళ్లీ తలకెక్కకుండా ఫోన్‌లో తల దూరుస్తున్నారు.

పెద్దకర్మ రోజు చుట్టాలందరి ముందూ అన్నయ్య 'నాన్నకి నువ్వేం చేశావురా' అన్నాడు. ఆసుపత్రి వరండాలో 19 రాత్రులు చాప వేసుకుని పడుకున్న మీకు ఆ మాట తగిలింది. తగలదా మరి? ఆ మాట తప్పు, అన్నవాడు పెద్దవాడైనా తప్పే, నేను ఆయన్ని వెనకేసుకు రావడం లేదు. దీనికి మెదడు వైపు నుంచి కూడా సాక్ష్యం ఉంది. 2003లో నయోమి ఐజెన్‌బర్గర్ అనే పరిశోధకురాలు, ఆమె తోటివాళ్లు కొందరిని స్కానర్‌లో పడుకోబెట్టి కంప్యూటర్‌లో బంతాట ఆడించారు. అవతల ఇద్దరు మనుషులు ఆడుతున్నారని చెప్పారు గానీ నిజానికి అంతా కంప్యూటరే. కాసేపటికి ఆ ఇద్దరూ తమలో తామే బంతి వేసుకుంటూ వీళ్లకి వేయడం మానేశారు. అంతమాత్రానికే, ఒంటికి దెబ్బ తగిలినప్పుడు బాధతో పనిచేసే భాగాల్లో ఒకటి చురుగ్గా మారింది. ముఖమైనా తెలియనివాళ్లు బంతి వేయకపోతేనే అంత! మీ తలమీదే ఉంటూ, రోజూ అదే గేటు తీసుకుని వెళ్తూ, తోడబుట్టినవాడు తల తిప్పుకుంటే ఎంతుంటుందో ఆలోచించండి.

అయితే ఆ దెబ్బ తగిలింది ఒక్కరోజే. మిగతా మూడేళ్లూ దాన్ని మీరే రోజూ తగిలించుకుంటున్నారు. 1989 అక్టోబర్‌లో కాలిఫోర్నియాలో పెద్ద భూకంపం వచ్చింది. దానికి రెండు వారాల ముందే సుసాన్ నోలెన్ హోక్సెమా అనే మనస్తత్వవేత్త స్టాన్‌ఫర్డ్ విద్యార్థుల స్వభావం గురించి వివరాలు తీసుకుని ఉన్నారు, భూకంపం వస్తుందని ఆమెకేం తెలుసు. తర్వాత మళ్లీ చూస్తే, బాధ కలిగినప్పుడు దాన్నే తిప్పి తిప్పి తలచుకునే అలవాటు ముందు నుంచీ ఉన్నవాళ్లలో ఏడు వారాలు గడిచినా దిగులు ఎక్కువగా ఉంది. అలా నెమరేసుకునే తలకి ఆఫీసు లెక్కలు ఎక్కకపోవడంలో ఆశ్చర్యం ఏముంది?

ఒక పని చేయండి. వరసగా నాలుగు రోజులు, రోజుకి పదిహేను నిమిషాలు, తలుపేసుకుని అన్నయ్యకి ఉత్తరం రాయండి. ఆ 19 రాత్రులూ, ఆ మాట, నాన్న మీద బెంగ, అన్నీ. పంపొద్దు, చించేయండి. జేమ్స్ పెన్నెబేకర్ 1986లో కాలేజీ విద్యార్థులతో ఇలాగే రాయించారు. రాసిన వెంటనే వాళ్లకి మనసు ఇంకా బరువెక్కింది, కానీ తర్వాతి నెలల్లో వాళ్లు కాలేజీ డాక్టర్ దగ్గరికి వెళ్లడం తగ్గింది. మీకూ మొదటి రోజు ఏడుపు రావచ్చు, రానివ్వండి.

ఇక నాకు కోపం తెప్పించిన విషయం. ఒకటో తేదీ వస్తే అమ్మ మందుల డబ్బా, చీరల సంచీ పట్టుకుని తనే మెట్లెక్కుతుందట, మీరిద్దరూ ఎదురుపడతారేమోనని తలుపులేసుకుని లోపల కూర్చుంటారట. 74 ఏళ్ల మనిషి! మీ రోషం మీ ఇద్దరిదీ, దాని బరువు ఆవిడ మోకాళ్ల మీద పెట్టే హక్కు ఎవరిచ్చారండీ మీకు? ఇందులో నేను మీ పక్షం మాట్లాడలేను. అన్నయ్య పక్షమూ మాట్లాడను, కానీ ఉత్తరం రాసింది మీరు కాబట్టి మీకే చెబుతున్నాను.

ఇక మీ ఇద్దరి మధ్య స్థలం పంపకాల గొడవ ఉంది కదా, మీ వాటా వదులుకోమనడం లేదు. పంపకాల్లో మీకు అన్యాయం జరిగిందనుకుంటే పెద్దమనుషుల్లో పెట్టండి, కాదంటే లాయర్ని కలవండి, అదేమీ పాపం కాదు. ముందు మీరే క్షమాపణ చెప్పాలనీ అనను, ఆత్మాభిమానం చంపుకుని కలిపిన బంధం ఎక్కువ రోజులు నిలవదు. వాటా గొడవని వాటా గొడవగా ఉంచండి, అమ్మ మెట్లెక్కడం దాకా తీసుకురాకండి.

వారానికి మూడు నాలుగు రాత్రులు నిద్ర పట్టకపోవడం మూడు నెలలకి మించి సాగుతోంది కాబట్టి డాక్టర్‌నీ కలవండి, సొంతంగా నిద్రమాత్రలు కొనకండి. మాత్రలకన్నా ముందు చేయించే మాటల చికిత్స నిద్రలేమికి ప్రత్యేకంగా ఉంది, అడగండి. బతుకు మీదే విసుగొచ్చేంతగా ఉంటే మాత్రం ఆగొద్దు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

వచ్చే ఒకటో తేదీ ఆ మందుల డబ్బా, సంచీ మీరు పట్టుకోండి. ఇంకో చేత్తో అమ్మని పట్టుకుని మెట్లెక్కండి. తలుపు అన్నయ్యే తీయొచ్చు. ఏం మాట్లాడాలో ముందే వల్లెవేసుకోకండి, 'అమ్మకి బీపీ మాత్ర రాత్రి తొమ్మిదింటికి' అని చెబితే చాలు. వదిన కాఫీ ఇస్తే కాదనకుండా తాగి రండి.