నీ యోధుడి ఆకలి: ఒక యువ రచయిత్రికి లేఖ

హైదరాబాద్

ప్రియమైన అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన అధ్యాయాలన్నీ శ్రద్ధగా చదివాను. గోల్కొండ కోట పడిపోయిన రాత్రి చావకుండా మిగిలిన కొందరు సైనికులు రక్తపిశాచాలై ఈనాటికీ ఈ ఊరికి కాపలా కాస్తున్నారన్న ఊహ, వాళ్లలో ఒకడు మూసీ ఒడ్డున ఉన్న ఆసుపత్రి బ్లడ్ బ్యాంకులో రాత్రి డ్యూటీ చేసే ల్యాబ్ టెక్నీషియన్‌ను ప్రేమిస్తాడన్న ఊహ, రెండూ నాకు నచ్చాయి. ఇలాంటి నవలలు కాలక్షేపానికే తప్ప సాహిత్యానికి పనికిరావని నీకు ఎవరో చెప్పారని రాశావు. ఆ మాట మనసులో పెట్టుకోకు. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారంపూట పాత పుస్తకాల గుట్టల ముందు కూర్చుని ఇలాంటి ఇంగ్లీషు నవలలు ఏరుకునే పిల్లలను ఎన్నో ఏళ్లుగా చూస్తున్నాను. తమ ఊళ్లో, తమ భాషలో అలాంటి కథ దొరికితే వాళ్లు వదిలిపెట్టరు. అందుకే నీ రాతప్రతి గురించి మొహమాటం లేకుండా చెప్పదలచుకున్నాను.

నీ నవలలో యుద్ధం ఒక దారిన, ప్రేమ మరో దారిన నడుస్తున్నాయి. ఒక అధ్యాయంలో కత్తులు దూస్తారు, మరుసటి అధ్యాయంలో చూపులు కలుస్తాయి, ఆ తర్వాత మళ్లీ కత్తులే. వీటిలో ఏ ఒక్కదాన్ని తీసేసినా రెండోది చెక్కుచెదరదు. వాటిని ఒకే కథగా బిగించగల శక్తి ఆకలికి ఉంది, కానీ నువ్వు దాన్నే వదిలేశావు. మూడు వందల ఏళ్లకు పైగా బతికిన మనిషి ఇన్నాళ్లూ ఎవరి రక్తం తాగి బతికాడో నీ ప్రతిలో ఎక్కడా లేదు. అతని భుజాల వెడల్పు గురించి, కళ్ల రంగు గురించి పేజీలకు పేజీలు ఉన్నాయి కానీ, అతను నిన్న రాత్రి ఏం తాగాడన్నది పాఠకుడికి తెలియదు.

ఒకరి ఆయుష్షును ఇంకొకరు భరించడమన్నది మన సాహిత్యానికి కొత్త కాదు. శుక్రుడి శాపంతో ముసలితనం మీదపడిన యయాతి తన కొడుకులను యౌవనం అడిగాడు. నలుగురు కాదన్నారు, చివరివాడైన పూరుడు ఇచ్చాడు. ఆ కథను పొన్నికంటి తెలగన అచ్చతెలుగులో కావ్యంగా రాసి, గోల్కొండను ఏలిన కుతుబ్‌షాహీల కొలువులోని పటాన్‌చెరు అమీన్‌ఖానుకు అంకితమిచ్చాడు. అంటే నీ యోధులు కాపాడిన రాజ్యంలోనే, వాళ్ల కంటే ముందు తరాల్లోనే, ఈ కథను తెలుగులో చదువుకున్నవాళ్లు ఉన్నారు. నీ కథానాయకుడు చదువుకున్నవాడైతే అతనికీ అది తెలిసి ఉండవచ్చు. యయాతి అనుభవించిన భోగం కన్నా పూరుడు మోసిన ముసలితనమే మనల్ని ఎక్కువగా కలచివేస్తుంది. నీ నవలలో పూరుడు ఎవరో ముందు తేల్చుకో.

నీ నాయిక ఉద్యోగంలోనే దానికి సమాధానం ఉంది. బ్లడ్ బ్యాంకు అనగానే నువ్వు రక్తం సంచులు వేలాడే చల్లని గది ఒకటి వర్ణించి ముందుకు వెళ్లిపోయావు. అక్కడ జరిగే పనిని దగ్గరగా చూడు. దాత దగ్గర ఒకసారికి తీసేది 350 లేదా 450 మిల్లీలీటర్లు. పెద్దవాళ్ల ఒంట్లో ఉండే రక్తం సుమారు ఐదు లీటర్లు. సేకరించిన రక్తం నుంచి ఎర్రకణాలను, ప్లాస్మాను, ప్లేట్‌లెట్లను వేరు చేస్తారు. ఎర్రకణాలను రెండు నుంచి ఆరు డిగ్రీల మధ్య దాస్తే, కలిపిన ద్రావణాన్ని బట్టి 35 లేదా 42 రోజులు నిలవ ఉంటాయి, ప్లేట్‌లెట్లు మామూలుగా ఐదు రోజులే. గడువు దాటిన సంచిని ఎవరికీ ఎక్కించరు. రిజిస్టరులో రాసి, జీవవైద్య వ్యర్థాల పసుపు సంచిలో వేసి పంపిస్తారు.

ఇప్పుడు నీ నాయికను ఆ రిజిస్టరు ముందు కూర్చోబెట్టు. రాత్రి రెండు దాటింది. ఫ్రిజ్‌లో నుంచి గడువు తీరిన సంచి ఒకటి తీసింది. దాని నంబరు, గ్రూపు, సేకరించిన తేదీ వరుసగా రాసి, పారవేసినట్టుగా సంతకం పెట్టి, సంచిని మాత్రం చేతిసంచిలో పెట్టుకుంది. ఆమె అతణ్ణి ప్రేమిస్తోందని నువ్వు ఐదు పేజీల్లో చెప్పిన సంగతి ఆ ఒక్క సంతకంతో తేలిపోతుంది. ఆమె ఉద్యోగం, నిజాయితీ, తనమీద తనకున్న గౌరవం ఆ గీతలోకి వచ్చేశాయి. ఆ తర్వాత ఎండాకాలం తీసుకురా. కాలేజీలకు సెలవులిస్తే రక్తదాన శిబిరాలు తగ్గిపోతాయి, దాతలు దొరకరు, గడువు తీరేదాకా మిగిలే సంచులే ఉండవు. అదే సమయంలో, ఒంట్లో రక్తం సరిగా తయారుకాని తలసీమియా అనే పుట్టుజబ్బు ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించక తప్పదు. యుద్ధంలో గాయపడి వచ్చిన నీ యోధుడు ఒక పక్క, రేపు ఉదయం తల్లి చెయ్యి పట్టుకుని రాబోయే ఏడేళ్ల పాప ఇంకో పక్క, ఫ్రిజ్‌లో మిగిలింది ఒకే ఒక సంచి. నీ యుద్ధం, నీ ప్రేమ ఆ గదిలో ఒకటవుతాయి. ఆమె ఏం చేస్తుందో నేను చెప్పను, అది నువ్వు రాయాల్సిన అధ్యాయం.

ఎండ తగిలితే నీ యోధులు బూడిదైపోతారని రాశావు. అలాగే రాయాలన్న నియమం ఏదీ లేదని తెలిసి రాయి. 1897లో వచ్చిన బ్రామ్ స్టోకర్ నవల ‘డ్రాకులా’లో రక్తపిశాచమైన డ్రాకులా ప్రభువు పట్టపగలు లండన్ వీధుల్లో తిరుగుతాడు. పగటిపూట అతని శక్తులు తగ్గుతాయంతే. ఎండ పిశాచాన్ని చంపుతుందన్నది 1922 నాటి జర్మన్ మూకీ చిత్రం ‘నోస్ఫెరాటు’తో జనంలోకి వచ్చింది. కాబట్టి ఆ నియమాన్ని నువ్వు ఎంచుకుంటే దాని ఖరీదు నీ ఊరి లెక్కలోనే కట్టు. యూరపులో ఉత్తరానికి వెళ్లేకొద్దీ శీతకాలపు రాత్రులు బాగా సాగుతాయి. హైదరాబాదులో డిసెంబరు రాత్రి కూడా దాదాపు పదమూడు గంటలే, జూన్‌లో అది పదకొండు గంటలకు దిగిపోతుంది. యుద్ధానికైనా ప్రేమకైనా నీ యోధుడి చేతిలో ఉన్న సమయం అంతే. రంజాన్ నెలలో మాత్రం పాతబస్తీ అతని వేళలకు మారిపోతుంది. చార్మినార్ చుట్టూ గాజుల దుకాణాలు, బట్టల దుకాణాలు తెల్లవారకముందు ఉపవాసులు తినే సహరీ వేళదాకా తెరిచే ఉంటాయి, పగలంతా ఆకలికి ఓర్చుకున్న జనం పొద్దుగూకాక తింటారు. శతాబ్దాలుగా జనం నిద్రపోయాకే బయటికి వచ్చినవాడికి ఆ నెలలో పిల్లల అల్లరి, బేరాలు, వెలుతురు మనుషుల మధ్యన మనిషిలా నిలబడి చూసే వీలు దొరుకుతుంది. వాళ్లిద్దరూ మొదటిసారి మాట్లాడుకునే చోటు నీ ప్రతిలో ఒక పాడుబడిన సమాధి. దాన్ని చార్మినార్ పక్కనున్న గాజుల వీధి లాడ్‌బజార్‌కు మార్చమని నా సలహా.

యుద్ధ భాగంలో నీకు చరిత్ర పెద్ద సాయం చేస్తోంది, కానీ నువ్వు దాన్ని తొందరగా దాటేశావు. ఔరంగజేబు సేన 1687లో గోల్కొండను దాదాపు ఎనిమిది నెలలు ముట్టడించింది. కోట ఫిరంగులకు లొంగలేదు, లోపలి సరదారు ఒకడు లంచానికి లొంగి తలుపు తీశాడు. ఆ రాత్రి గోల్కొండ సేనాని అబ్దుల్ రజాక్ లారీ ఎదురు నిలిచి, ఒంటినిండా డెబ్భైకి పైగా గాయాలతో పడిపోయి కూడా బతికాడని ఆనాటి చరిత్ర చెబుతోంది. లారీనే రక్తపిశాచాన్ని చేయాలన్న ఆశ నీకు కలగవచ్చు, చేయకు. నిజంగా బతికిన మనిషి ధైర్యాన్ని మంత్రంతో తక్కువ చేసినట్టవుతుంది. అతని పక్కన పోరాడిన, చరిత్రలో పేరు మిగలని సిపాయి నీ కథానాయకుడు. తన నాయకుడు మనిషిగానే గాయాలు ఓర్చుకుని బతికాడు, తాను మాత్రం చావు భయంతో మనిషితనాన్ని వదులుకున్నాడు. అతను మూడు శతాబ్దాలు మోసేది ఆ సిగ్గు. అతని పగ ఢిల్లీ మీద కన్నా, తలుపు తీసిన చేతి మీద ఎక్కువగా ఉంటుంది. అలాంటివాడు రహస్యంగా ఫ్రిజ్ తలుపు తీసే అమ్మాయిని ప్రేమించినప్పుడు అతని లోపల ఏం జరుగుతుందో ఆలోచించు.

ప్రేమ సన్నివేశాల గురించి ఒక్క విషయంలో మాత్రం కఠినంగా ఉంటాను. నీ యోధుడు చూపుతో ఆమెను వశం చేసుకుని మెడ మీద కాటు వేస్తాడు, తెల్లవారాక ఆమె దాన్ని ప్రేమగా తలుచుకుంటుంది. ఇది తీసెయ్యి. మనుచరిత్రలో పెద్దన ఈ చిక్కును ఎంత స్పష్టంగా చూపాడో మళ్లీ చదువు. వరూధిని కోరింది ప్రవరుణ్ణి, దక్కింది ఆ రూపంలో వచ్చిన గంధర్వుడు. గుట్టు బయటపడకుండా ఆమెను కళ్లు మూసుకోమంటాడు. ఆ కళ్లు మూయించడంలోనే మోసమంతా ఉంది. నీ నాయిక కళ్లు తెరిచే ఉండాలి. అతనెవరో, ఏం తాగుతాడో, తాను ఒప్పుకుంటే తన ఒంటికి ఏమవుతుందో లెక్కలతో సహా తెలిసిన మనిషి ఆమె. అలాంటి అమ్మాయి ఇష్టపడి చెయ్యి చాపితే ఆ సన్నివేశానికి వచ్చే బలం వశీకరణతో ఎన్నటికీ రాదు. అతనికి ఆగమని చెప్పే హక్కు ఆమెకు ఉండాలి, ఆమె ఆగమంటే అతను ఆగాలి. ఆగడానికి అతను పడే యాతనను ఎంత వివరంగా రాసినా నాకు అభ్యంతరం లేదు.

మాటల విషయం క్లుప్తంగా చెబుతాను. 1687 నాటి సిపాయి చేత సినిమా హాస్యగాడి ఉర్దూ మాట్లాడించకు. ఇక్కడి ఉర్దూ అయిన దక్కనీ ఆనాడు కవిత్వపు భాష, గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్‌షా తన గజళ్లు అందులోనే రాశాడు. అతని తెలుగులో కాస్త పాతదనం ఉంటే చాలు, పద్యాల భాష అక్కరలేదు.

మళ్లీ రాయడానికి కూర్చునే ముందు ఏదైనా బ్లడ్ బ్యాంకుకు వెళ్లి, అనుమతి తీసుకుని ఒక రాత్రి డ్యూటీ చూసి రా. రిజిస్టరులో ఏ గడిలో ఏం రాస్తారో, ఫ్రిజ్ ఉష్ణోగ్రత ఎవరు నమోదు చేస్తారో, సంచి మీద చీటీలో ఏమేం ఉంటాయో అడిగి రాసుకో. గోల్కొండలో ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడితే పైన కొండకొమ్ము మీది బాలాహిసార్‌లో వినిపిస్తుందన్నది గైడ్లందరూ చెప్పేదే, కానీ ఆ పైన నిలబడి కాపలా కాసినవాడు ఆ రాత్రి ఏ చప్పుడు కోసం ఎదురుచూశాడో నువ్వే రాయాలి. మొత్తం నవల తిరగరాయాలని కంగారుపడకు. ముందు ఆ ఎండాకాలపు రాత్రి, ఒకే సంచి మిగిలిన అధ్యాయం ఒక్కటీ రాసి పంపు, అది కుదిరాక మిగతావి చూద్దాం.

శుభాకాంక్షలతో,
నీ నవల కోసం ఎదురుచూసే ఒక పెద్ద