బందరు కథ చెప్పేదెలా?

ప్రశ్న: మచిలీపట్నంలో మా చరిత్ర సంఘం నెలనెలా ప్రసంగాలు పెడుతోంది. సగంలోనే జనం లేచిపోతున్నారు. ఏం చేయాలండీ?

జవాబు: ఒక్క సభలో బందరు చరిత్రంతా చెప్పబోతే ఎవరూ కూర్చోరు. 1864 నవంబరు 1 నాటి ఉప్పెన ఒక్కటే తీసుకోండి. దాదాపు 30 వేల మందిని మింగిన రాత్రి అది. తెర మీద ఊరి పటం పెట్టి కోట, రేవు చూపిస్తూ 40 నిమిషాల్లో ముగించండి. ప్రశ్నలకు 20 నిమిషాలు తప్పనిసరి, పెద్దవాళ్లు నోరు విప్పేది అప్పుడే.

వాళ్లు తెచ్చే పాత ఫొటోలను అక్కడే 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో) స్కాన్ చేసి తిరిగి ఇచ్చేయండి. వెనకవైపు రాతనూ వదలొద్దు. లామినేషన్ అసలే వద్దు: వేడికి అతుక్కున్న ప్లాస్టిక్ మళ్లీ ఊడిరాదు. తేమకు ఫ్రేము అద్దానికి అంటుకున్న ఫొటోను పీకితే బొమ్మ పొర లేచిపోతుంది. అద్దంతోనే స్కాన్ చేయండి.